ఇంగ్లీషు ‘ఇంగు’ - తెనుగు విశేషణము



నేడు నేను వ్యాకరణమును గూర్చి ముచ్చటింపబోవుచున్నాను. వ్యాకరణమనగానే రేడియో కట్టివేయుదురేమో యని నాకు జంకు కలదు. కొంచెము తాళుడు. ఈ వ్యాకరణము మీ ఊరి రచ్చబండ కడను, పొలము గట్టు మీదను, మీ పెట్టె యడుగున భద్రపరచిన దస్తావేజులలోను గూడ నున్నది. ఒక్క ప్రత్యయము యొక్క అర్థము తెలియకపోయినచో ఒక చెట్టు ఎవరిదో, ఒక పైరు ఎవరిదో తేలకుండ పోవచ్చును.

ఇంగ్లీషు భాషలో ధాతువు చివర ‘ఇంగు’ అను ప్రత్యయమును చేర్చి, ఆ రూపమును నామవాచకమునకు ముందు విశేషణముగా నిలుపుదురు. ఇంగ్లీషు చదువని వారికి సయితము ఈ రూపములు క్రొత్తవి కావు. మార్కాపురము రోడ్డు స్టేషనునకు పోయినచో ‘వెయిటింగు రూము’ అందురు. కాలిసత్తువ తగ్గిన నావంటి వాడు చేత బట్టునది ‘వాకింగు స్టిక్కు’. పంచాయతి వారు బావిలో చల్లించునది ‘బ్లీచింగు పౌడరు’. నీళ్ల ట్యాంకు మీద ‘డ్రింకింగు వాటరు’ అని వ్రాసి యుండును. ‘రన్నింగు బస్సు ఎక్కవద్దు’ అని కండక్టరు కేక వేయును. ఎన్నికలు వచ్చినచో ‘సిట్టింగు ఎమ్మెల్యే’కు టిక్కెట్టు దొరకునా దొరకదా యని చావడిలో వాదులాడుదురు. ఇక ‘బోరింగు’ అనగా చేతిపంపు అని మన పల్లెలవారు తీర్మానించుకొనిరి. ఇంగ్లీషువాడు వచ్చి మన బోరింగు కడ నిలిచినను ఆ మాటకు ఆ యర్థము పోల్చుకొనజాలడు. ఇంగువ కట్టిన గుడ్డకు వాసన వదలనట్లు ఈ ‘ఇంగు’ మన వాడుకకు అంటుకొని యున్నది.

బడులలో దీనికొక సులభోపాయము చెప్పుదురు: ‘ఇంగు’ కనబడిన చోటనెల్ల ‘చున్న’ అని తెనుగు చేయవలయునట. ‘రన్నింగు బస్సు’ - పరుగెత్తుచున్న బస్సు. ‘క్రయింగు చైల్డు’ - ఏడ్చుచున్న బిడ్డ. ఇంతవరకు బాగుగనే యున్నది. కాని నేను ఉపాధ్యాయుడుగా నుండిన కాలమున పిల్లల నోటుపుస్తకములలో ‘త్రాగుచున్న నీరు’, ‘నడచుచున్న కర్ర’, ‘వేచియున్న గది’ అను అనువాదములను చూచి నవ్వని సంవత్సరము లేదు. నీరు ఎవరిని త్రాగుచున్నది? కర్ర ఎక్కడికి నడచుచున్నది? గది ఎవరి కొరకు వేచియున్నది? పిల్లవానిని తప్పుపట్టి ప్రయోజనము లేదు. వానికి చెప్పిన సూత్రమే కుంటిది.

సరియైన మార్గము మన కారక ప్రకరణములోనే కలదు. ‘ఇంగు’ విశేషణము కనబడినప్పుడు, దాని వెంట నున్న నామవాచకమును పట్టుకొని, ఆ క్రియతో దీనికి గల సంబంధమెట్టిదని ప్రశ్నింపవలయును. పరుగెత్తునది ఎవరు? బస్సు. కనుక బస్సు కర్త. ఏడ్చునది బిడ్డ, బిడ్డ కర్త. ఇట్టి చోట్ల ‘చున్న’ చక్కగా నతుకును. త్రాగబడునది నీరు, కనుక నీరు కర్మ. నడచుటకు సాధనము కర్ర; కర్ర కరణము. వేచియుండుటకు చోటు గది, గది యధికరణము. ఇట్టి చోట్ల ‘చున్న’ పనికిరాదు. త్రాగు నీరు, నడకకర్ర, వేచియుండు గది యని చెప్పవలయును. ఊరి పసువులు మేయు బీడును రెవిన్యూ కాగితములలో ‘గ్రేజింగు ల్యాండు’ అందురు. భూమి మేయదు, భూమిపై మేయుదురు. కనుక అదియు నధికరణమే, మేతబీడు. మన మార్కాపురపు పలక దేశములో నెందరు పిల్లల చేతి క్రిందనో అరిగినది. దానిని ‘రైటింగు స్లేటు’ అన్నను పలక వ్రాయదు, పలకపై వ్రాయుదురు. ఇక బావిలో చల్లు ‘బ్లీచింగు పౌడరు’ను మాత్రము రెండు విధములుగను అన్వయింపవచ్చును. తెల్లబరచునది ఆ పొడియే యనుకొన్నచో కర్త. తెల్లబరచుటకు మన ముపయోగించునది యనుకొన్నచో కరణము. భాషలో నిట్టి పొలిమేర రాళ్లు ఉండుట సహజము.

సంస్కృతము చదివినవారికి ఇందలి రహస్యము వెంటనే స్ఫురింపవలయును. పాణిని వర్తమానార్థమున శతృ, శానచ్ ప్రత్యయములను విధించెను. ధావన్ అశ్వః - పరుగెత్తుచున్న గుఱ్ఱము. ఇచ్చట గుఱ్ఱము కర్త. వేరొక చోట ల్యుట్ అను ప్రత్యయమును విధించెను. అది భావార్థమునను, కరణాధికరణార్థములందును వచ్చును. దానివలన ‘అన’ చివర గల శబ్దములు పుట్టును. గమనము అనగా పోవుట. శయనము అనగా పండుకొనుట, పండుకొను పడకయు. యానము అనగా పోవుట, పోవుటకు సాధనమైన బండియు. పరికింపుడు: శతృ వేరు, ల్యుట్టు వేరు, వాని రూపములు వేరు, పనులు వేరు. ఇంగ్లీషులో ఈ రెండు పనులును ఒక్క ‘ఇంగు’ చేయుచున్నది. ‘రన్నింగు బస్సు’లోని ‘ఇంగు’ శతృ వంటిది. ‘వాకింగు స్టిక్కు’లోని ‘ఇంగు’ ల్యుట్టు వంటిది. ఒకే చొక్కా తొడిగికొన్న ఇద్దరు మనుష్యులను ఒక్కడే యని భ్రమించుటచేత పిల్లవాని కర్ర నడువసాగినది.

ఇది పండితుని ఊహ మాత్రము కాదు. ఇంగ్లీషు భాషాచరిత్రయు దీనినే చెప్పుచున్నది. వేయి యేండ్ల క్రిందటి ప్రాచీనాంగ్లములో శత్రర్థమునకు ‘ఎండె’ అను ప్రత్యయము వేరుగా నుండెను. క్రియను నామముగా మార్చుటకు ‘ఉంగ్’, ‘ఇంగ్’ అను ప్రత్యయములు వేరుగా నుండెను. 12వ శతాబ్దము తరువాత మూడు నాలుగు వందల యేండ్లలో ‘ఎండె’ క్రమముగా నరిగి, మారి, తుదకు ‘ఇంగు’లో కలిసిపోయెను. ఇంగ్లీషునకు దాయాదియైన జర్మను భాషలో ఈ కలయిక జరుగలేదు. అచ్చట నేటికిని శత్రర్థమునకు ‘ఎండ్’, నామమునకు ‘ఉంగ్’ వేరు వేరుగనే నిలిచి యున్నవి. అన్నదమ్ములలో నొకడు పాలు పంచుకొని గోడ పెట్టుకొన్నట్లును, వేరొకడు కలిపి వేసికొన్నట్లును ఉన్నది.

రూపము కలిసినను పలుకుబడిలో తేడా పూర్తిగా పోలేదు. ఇంగ్లీషు బాగుగ మాటాడువారిని శ్రద్ధగా వినుడు. ‘డ్రింకింగు వాటరు’ అనునప్పుడు ఊనిక మొదటి పదముపై పడును, అది సమాసము. ‘క్రయింగు చైల్డు’ అనునప్పుడు రెండవ పదముపై గూడ ఊనిక నిండుగా పడును. అది విశేషణ విశేష్యముల కూడిక. ‘డాన్సింగు టీచరు’ అనుటలో ఊనిక మొదటి దానిపై నున్నచో నాట్యము నేర్పు గురువు, రెండవ దానిపై నున్నచో అప్పుడు నాట్యమాడుచున్న గురువు. కాగితము మీద ఈ భేదము కనబడదు. రేడియోలో వినబడును గనుకనే ఈ మాట ఇచ్చట చెప్పుచున్నాను.

ఇక మన తెనుగు సంగతి. చిన్నయసూరి 1858వ సంవత్సరమున వెలువడిన తన బాలవ్యాకరణములో, ధాతువునుండి పుట్టిన ఇట్టి విశేషణములను ధాతుజవిశేషణములని పేర్కొనెను. చేసిన - భూతము. చేయుచున్న - వర్తమానము. చేయగల - భవిష్యత్తు. వీనికి తోడు తద్ధర్మమని యొకటి కలదు: చేయు, చేసెడు. తద్ధర్మమునకు కాలనియమము లేదు. స్వభావమును, అలవాటును, యోగ్యతను తెల్పును. వాడుకలో మనమనెడి ‘తాగే నీళ్లు’, ‘పాలిచ్చే బఱ్ఱె’ ఈ తద్ధర్మపు సంతతియే. బఱ్ఱె ఈ క్షణమున పాలిచ్చుచుండనక్కరలేదు, నెమరు వేయుచుండవచ్చును. అయినను అది పాలిచ్చు బఱ్ఱెయే. ఇంగ్లీషు ‘ఇంగు’కు ‘చున్న’యే గతి యని తలచువారు ఈ తద్ధర్మమును మరచినవారు. నా దృష్టిలో ‘ఇంగు’ విశేషణములలో సగమునకు పైగా తద్ధర్మముతోనే తెనుగు చేయదగినవి.

మన ధాతుజవిశేషణమునకు గల విస్తృతి ఇంగ్లీషు ‘ఇంగు’కు లేదు. ‘నేను చదివిన’ అనుదానికి ముందేమి వచ్చునో చూడుడు. నేను చదివిన పుస్తకము - పుస్తకము కర్మ. నేను చదివిన బడి - అధికరణము. నేను చదివిన దీపము - ఆ దీపపు వెలుగున చదివితినని. నేను చదివిన యేడు - కాలము. ఒక్క ‘చదివిన’తో నాలుగు సంబంధములు సాగినవి. ఇంగ్లీషువాడు ఇందు ప్రతిదానికి ‘విచ్చి’ యనియో ‘వేరు’ అనియో ‘వెను’ అనియో యొక సంబంధపదమును తెచ్చి, వేరొక వాక్యమును తగిలింపవలసి వచ్చును. కాల్డ్వెల్లు దొరగారు 1856లో ద్రావిడ భాషల పోలికలను గూర్చి గ్రంథము వెలువరించినప్పుడు, ఈ భాషలలో సంబంధ సర్వనామము లేదనియు, ఆ పనిని ఈ క్రియావిశేషణరూపములే నెరవేర్చుచున్నవనియు ప్రత్యేకముగా గుర్తించెను.

అట్లయిన సందేహము రాదా యందురేమో. ‘పులి తినిన మేక’ యనగా చచ్చినది మేక; ‘మేకను తినిన పులి’ యనగా బ్రదికినది పులి. విభక్తి యున్నచోట చిక్కు లేదు. విభక్తి లేని చోట తార్కికులు చెప్పిన యోగ్యత దారి చూపును. ‘త్రాగు నీరు’, ‘త్రాగు వాడు’ - రెండింట రూపమొక్కటే. నీటికి త్రాగు యోగ్యత లేదు, మనుష్యునికి త్రాగబడు యోగ్యత లేదు. వినువాడు తడుముకొనడు.

పదక్రమమును గూర్చి ఒక్క మాట. ‘ఇంగు’ రూపము ఒంటరిగా నున్నప్పుడు నామమునకు ముందు నిలుచును. దానికి తోక యున్నచో వెనుకకు పోవును. ‘ది బస్సు గోయింగు టు మార్కాపురం’ అందురు. తెనుగున తోక యెంత పొడవైనను ముందే యుండును: ‘ఉదయమున దోర్నాలనుండి బయలుదేరి మార్కాపురమునకు పోవుచున్న బస్సు’. పిల్లలు ఇంగ్లీషును ఎడమనుండి కుడికి మాటకు మాట మార్చి ‘బస్సు పోవుచున్న మార్కాపురమునకు’ అని వ్రాయుదురు. వెనుకనుండి చదివి తెనుగు చేయుమని చెప్పినచో ఒక్క దినములో కుదురుకొందురు.

మరియొక తప్పు పెద్దలలోను కలదు. ‘బోరింగు’ అనగా విసుగు పుట్టించునది. ‘బోర్డు’ అనగా విసుగు చెందినవాడు. ‘ఇంగు’ పుట్టించువానికి, ‘డు’ పొందినవానికి. ఉపన్యాసము విని విసిగిన యువకుడొకడు లేచి ‘అయాం బోరింగు’ అనెను. తానే సభవారికి విసుగు పుట్టించువాడనని యొప్పుకొన్నాడన్నమాట! ‘టైరింగు’, ‘టైర్డు’, ‘ఇంటరెస్టింగు’, ‘ఇంటరెస్టెడు’ మొదలగునవన్నియు నిట్లే.

ఇప్పుడు దస్తావేజుల సంగతికి వచ్చెదను. స్థితిని తెల్పు ధాతువులలో తెనుగునకు ఒక సూక్ష్మత కలదు. ‘సిట్టింగు’ అనుదానికి మనము ‘కూర్చుండుచున్న’ అనము, ‘కూర్చున్న’ అందుము. ‘స్టాండింగు’ అనుదానికి ‘నిలుచుచున్న’ అనము; ‘నిలుచున్న’, ‘నిలిచి యున్న’ అందుము. ‘నిలుచుచున్న’ అనినచో ఇప్పుడే లేచి నిలువబడుచున్నాడని యర్థము వచ్చును. పని ముగిసి స్థితి యేర్పడిన పిమ్మట మనకు క్త్వార్థకము మీద ‘ఉన్న’ కావలయును. ఇంగ్లీషు ‘ఇంగు’ ఈ రెండింటిని వేరుపరుపదు. ఈ ‘స్టాండింగు’ అను మాటయే మన ఆస్తి చట్టములలో నొక పెద్ద గడియవలె నున్నది.

1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టము, 3వ సెక్షనులో, స్థిరాస్తిలో చేరనివి మూడు చెప్పినది: ‘స్టాండింగు టింబరు’, ‘గ్రోయింగు క్రాప్సు’, ‘గ్రాసు’. అనగా నిలువు కలప, ఎదుగుచున్న పైరులు, గడ్డి. ఒక్క పంక్తిలో రెండు ‘ఇంగు’ విశేషణములు! 1908వ సంవత్సరపు రిజిస్ట్రేషను చట్టము గూడ స్థిరాస్తిలోనుండి వీనిని తీసివేసినది. నూరు రూపాయలు గాని అంతకు మించి గాని విలువ గల స్థిరాస్తిని అమ్మినచో పత్రము రిజిస్టరు కావలయును. నిలువు కలపను అమ్మినచో ఆ నిర్బంధము లేదు. కనుక నేలపై నున్న చెట్టు ‘స్టాండింగు టింబరు’ అగునా, వట్టి చెట్టా యను దానిపై పత్రము యొక్క బలము ఆధారపడును.

ఈ ప్రశ్న సుప్రీముకోర్టు వరకు పోయినది. 1958లో శాంతాబాయి వ్యాజ్యమున, జమీందారైన భర్త అడవిలోని కలపను కొట్టికొనిపోవు హక్కు నిచ్చుచు భార్యకు వ్రాసిన పత్రము రిజిస్టరు కాలేదు. వివియను బోసు న్యాయమూర్తి తన యభిప్రాయమును వేరుగా వ్రాసెను. దాని సారమిది: చెట్టు నేలపై నిలిచి యున్నంత మాత్రమున ‘స్టాండింగు టింబరు’ కాదు. అది కొట్టిన వెంటనే కలపగా పనికివచ్చు దశలో నుండవలయును. తగినంత త్వరలో దానిని కొట్టవలయును కూడ. ఇంకను నేలనుండి సారమును పీల్చుకొని పెరుగుటకు విడిచిపెట్టిన చెట్టు భూమితో పాటు స్థిరాస్తియే. పెక్కు సంవత్సరముల పాటు కొట్టికొను హక్కు గనుక, నేటి చిన్న మొక్కలు గూడ అప్పటికి పెరిగి అందులో పడును. అది నిలువు కలప యెట్లగునని ఆయన తర్కించెను. ఆ వ్యాజ్యమున ఆమెకు ఫలము దక్కలేదు.

మన ఊరి మాటలో చెప్పెదను. మీ దొడ్డిలోని ముదిరిన వేపచెట్టును దూలములకై నెల దినములలో కొట్టికొని పొమ్మని వడ్రంగికి అమ్మినచో అది నిలువు కలప. మీ గట్టుమీది చింతచెట్టును పదేండ్లు కాయలు కోసికొని యనుభవించుమని ఒకనికి వ్రాసియిచ్చినచో అది నిలువు కలప కాదు. భూమికి సంబంధించిన హక్కు. రెండు చెట్లును నిలుచుండియే యున్నవి. వ్యాకరణమున రెండును ‘స్టాండింగు’ అనదగినవే. చట్టము మాత్రము ఆ విశేషణమును ‘టింబరు’ అను విశేష్యముతో జతపరచి చూచినది. నిలిచి యున్నది చెట్టుగా కాదు, కలపగా. ఇట్టి పత్రము వ్రాయించుటకు ముందు వకీలు నడుగుట మేలు. నేను చెప్పునది మాట యొక్క యర్థమునంత వరకే.

పైరు విషయమున మన భాష మిక్కిలి యదృష్టము గలది. ఇంగ్లీషులో ‘క్రాపు’ అను ఒక్క మాట చేనిలో నున్నదానికిని, కోసి యింటికి తెచ్చినదానికిని చెల్లును. అందుచేత వారికి ‘స్టాండింగు’ అనియో ‘గ్రోయింగు’ అనియో ముందొక విశేషణము కావలసి వచ్చెను. మనకు పైరు వేరు, పంట వేరు. పైరు చేనిది, పంట గాదెది. ‘స్టాండింగు క్రాపు’ అను రెండు మాటలకు తెనుగున ‘పైరు’ అను ఒక్క మాటయే చాలును.

కొన్నేండ్ల క్రిందట పెద్దారవీడు మండలములోని యొక పల్లెనుండి ఇద్దరు రైతులు ఒక కాగితము తీసికొని నా యింటికి వచ్చిరి. ఒకడు పొలము నమ్మినవాడు, ఒకడు కొన్నవాడు. ‘స్టాండింగు క్రాపుతో సహా’ అమ్మితినని అందు వ్రాసియున్నది. పత్రము వ్రాసిన నాటికి సగము కంది కోసి కల్లమునకు చేర్చి యుండిరి; సగము చేనిలో నుండెను. ‘స్టాండింగు అనగా ఇప్పుడున్నది, క్రాపు అనగా పంట, ఈ యేటి పంట యంతయు నాదే’ యని కొన్నవాని కుమారుడు, చదువుకొన్నవాడే, తెనుగు చేసి చెప్పెనట. కల్లములోని కుప్పకు ఇరువైపుల వారును రాత్రులు కావలి పెట్టిరి. మాటలు పెరిగి, ఆ యింటికి ఈ యింటికి నిప్పు నీళ్లు ఇచ్చికొనుట మానిరి.

నేను వారిని కూర్చుండబెట్టి, ‘నాయనా, కల్లములో కంది నిలిచి యున్నదా, పడి యున్నదా?’ అని యడిగితిని. ‘కుప్ప వేసి యున్నది’ అనిరి. ‘కుప్ప వేసినదానిని నీవు పైరందువా, పంటందువా?’ అంటిని. కొన్నవాడు, వయసు మీరిన వాడు, కొడుకు వైపు చూచి, ‘పైరెట్లవుతుందిరా, పంటే గదా!’ అనెను. చేనిలో మిగిలినది తాను కోసికొనుటకును, కల్లములోనిది అమ్మినవాడు తోలికొనుటకును ఒప్పుకొని, మధ్యాహ్నమునకే యిద్దరు నొక యెడ్లబండిలో తిరిగి పోయిరి.